పెరట్లో తమంతట మొలిచే మొక్కలు

ఎవరూ విత్తకుండా, ఎవరూ నాటకుండా మొలిచే మొక్కలు లేని పెరడు ఉండదు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక వారం పది రోజులకు నూతి గట్టున, పెంటకుప్ప మీద, పూలకుండీలో, మేడమీద నీళ్ళ గొట్టం పక్కన పచ్చగా ఏదో ఒకటి తలెత్తుతుంది. అది వేపో వయ్యారిభామో, సొరపాదో ఉమ్మెత్తో అప్పటికి తెలియదు. ఇంటివాళ్ళ ముందు రెండు ప్రశ్నలుంటాయి: ఇది ఏమిటి, ఉంచాలా పీకెయ్యాలా. ఈ రెంటికీ పొత్తు కుదరదు. మొక్క పెరిగే కొద్దీ దాన్ని పోల్చుకోవడం తేలికవుతుంది, తియ్యడం కష్టమవుతుంది. కాబట్టి ఎంతకాలం ఆగి చూడవచ్చో ముందు తేల్చుకోవాలి. దాన్ని తేల్చేది మొక్క పేరు కన్నా అది మొలిచిన చోటు. నేల మీద మొలిచినదానికి చాలావరకు పూత వచ్చేదాకా గడువివ్వవచ్చు. గోడ పగుల్లో మొలిచినదానికి రెండాకుల దాకా కూడా ఇవ్వకూడదు.

గింజ వచ్చిన దారి

మొలకను చూడగానే తల పైకెత్తడం మంచి అలవాటు. పైన కరెంటు తీగో, పిట్టగోడో, చెట్టుకొమ్మో ఉంటే అది పక్షి వేసిన గింజ అయ్యే అవకాశం ఎక్కువ. కాకి, కోకిల, గోరింక, పిగిలిపిట్ట పండు మింగి గింజను రెట్టతో వదులుతాయి. వేప, రావి, మర్రి, కరివేపాకు, శ్రీగంధం ఈ దారిన వస్తాయి. మిరపదీ ఇదే దారి. మిరపలోని కారం పాలిచ్చే జంతువులకు మంట పుట్టిస్తుంది గాని పక్షులకు తెలియదు. అందుకే మిరపపండును ఎలుక వదిలేస్తుంది, పిట్ట మింగుతుంది, గింజ నలగకుండా మరో చోట పడుతుంది. గబ్బిలాలు బాదంకాయలను, జామపండ్లను మోసుకొచ్చి తాము వేలాడే చెట్టు కింద తిని పడేస్తాయి. ఎక్కడా బాదంచెట్టు లేని వీధిలో బాదం మొలక కనిపిస్తే అది వాటి పనే.

జిల్లేడు గింజకు పట్టులాంటి దూది ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. కాశీతుంబ కాయ పండి ముట్టుకుంటే చాలు పగిలి గింజల్ని చిమ్ముతుంది. ఆముదం కాయ కూడా ఎండకు చిట్లుతుంది. ఆపైన దాని గింజ కొసనున్న మెత్తని కండ కోసం చీమలు గింజను పుట్టదాకా లాక్కుపోతాయి. ఉత్తరేణి పంచె అంచుకు పట్టుకుని ఇంట్లోకే వస్తుంది.

ఇక మనిషి వేసే గింజలు. కూరగాయల తొక్కలు, కుళ్ళిన టమాటాలు, గుమ్మడి గుజ్జు, బొప్పాయి గింజలు పెంటలోకి పోతాయి. ఆ ఎరువును కుండీల్లో, మళ్ళలో వేస్తాం. కంపోస్టు వేసిన కుండీలో గుంపుగా మొలిచిన మొలకల్లో సగం వంటింటి నుంచి వచ్చినవే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వెంట దాని కవరులోని మట్టితో పాటు మరో ఊరి కలుపు కూడా వస్తుంది. కొత్తిల్లు కట్టేటప్పుడు తోలించిన చెరువుమట్టి సంగతి చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి నిద్రపోతున్న తోటకూర, తుంగ, గలిజేరు గింజలు ఒక్క తవ్వుతో వెలుగు చూసి లేస్తాయి. మన్ను తిరగేసిన ప్రతిసారీ కొత్త పంట రావడానికి ఇదే కారణం.

కాలం కూడా ఆనవాలే. వేపపళ్ళు మే నుంచి జూలై దాకా రాలతాయి. వేపగింజకు ఆయుష్షు తక్కువ, కొన్ని వారాల్లో మొలకెత్తే శక్తి పోతుంది. కాబట్టి వానాకాలం మొదట్లో చెట్టు కింద మొలిచిన గుంపు వేప కావచ్చు గాని, సంక్రాంతి నాడు కొత్తగా మొలిచినది కాకపోవచ్చు. మామిడి టెంక, నేరేడు గింజ కూడా ఎండబెట్టి దాచుకునేవి కావు, తిన్న రోజుల్లోనే మొలవాలి.

మొలకను పోల్చుకోవడం

మొదట విచ్చుకునే రెండు బీజదళాలు చాలా మొక్కల్లో ఒకే తీరుగా ఉంటాయి, వాటిని చూసి తీర్పు చెప్పడం కష్టం. ఒంటి ఆకుతో సూదిలా లేచేవి గడ్డి, ఈత, తాటి జాతులు. రెండు దళాలతో లేచేవి మిగతావి. దళాలు మన్నులోనే ఉండిపోయి నేరుగా కాడ పైకి వస్తే అది పెద్ద గింజ వ్యవహారం: మామిడి అలాగే వస్తుంది, రాగి రంగు లేతాకులు వాలేసుకుని. చింతలో లావుపాటి దళాలు పప్పుబద్దల్లా పైకి లేస్తాయి. వాటి మధ్య నుంచి వచ్చే మొదటి ఆకే చింతాకులా ఉంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది.

అసలు ఆనవాళ్ళు మొదలయ్యేది రెండో మూడో జత ఆకులతో. అప్పుడు చూడవలసినవి కొన్నే. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? కాడ గుండ్రమా, పలకలా? తులసి, తుమ్మి కాడలు నలుపలకలు. గిల్లితే పాలు వస్తాయా? పాలు చాలా కుటుంబాల్లో ఉన్నాయి (మర్రి, పనస, సపోటా, బొప్పాయి, జిల్లేడు, పచ్చగన్నేరు), కాబట్టి పాలొక్కటే చూసి పేరు పెట్టకూడదు. ఆ చేతిని కంటికి తగలనివ్వకూడదు కూడా, జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి. పాలు పసుపు రంగులో ఉండి ఆకు నిండా ముళ్ళుంటే అది బలురక్కసి. దాని గింజలు ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసి జనం ఒళ్ళు నీరుపట్టి చనిపోయారు.

అన్నిటికన్నా నమ్మదగినది వాసన. ఆకు నలిపితే కరివేప, నిమ్మ, టమాటా, తులసి, వామింట, మామిడి తమ పేరు తామే చెబుతాయి. రుచి మాత్రం చూడకూడదు. పేరు తెలియని మొలకను నాలుక మీద పెట్టేవాళ్ళు ఉమ్మెత్త, గన్నేరు కూడా పెరట్లోనే మొలుస్తాయని మరచిపోతారు.

ఒకదానికొకటి పోలిన జంటలు కొన్ని జనాన్ని తరచుగా తికమక పెడతాయి. వేప, తురకవేప మొలకలు చూపుకు ఒకటే. వేపాకు ఈనెకు రెండు వైపులా రెబ్బలు ఒక్కసారే చీలతాయి, తురకవేపలో ఆ రెబ్బలు మళ్ళీ చీలతాయి. చింతకూ సుబాబులుకూ తేడా ఇదే: చింతాకు ఒక్కసారి చీలినది, సుబాబులాకు ఎదిగాక రెండుసార్లు. ఆ రెండుసార్లు చీలిన ఆకు పక్కన జత ముళ్ళుంటే సర్కారు తుమ్మ కావచ్చు. వంగ, ఉమ్మెత్త, కామంచి, బుడ్డకాసర ఒకే కుటుంబానివి కావడంతో లేతప్పుడు నాలుగూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. పూత చూస్తే గాని తేలని సందర్భాలున్నాయి. ఉమ్మెత్తకు తెల్లని పొడుగాటి బాకా పువ్వు, ముళ్ళకాయ. వంగకు ఊదా పువ్వు. కామంచికి చిన్న తెల్లపూలు, నల్లని గుత్తికాయలు. వయ్యారిభామ నేలకు అంటుకుని ఉన్న దశలో చామంతి నారులా, క్యారెట్ ఆకులా కనిపిస్తుంది. పువ్వుల మొక్క అని నీళ్ళు పోసి పెంచేవాళ్ళూ ఉన్నారు.

పాదుల దగ్గర మరీ చిక్కు. సొర, గుమ్మడి, దోస, బీర, అన్నిటికీ రెండు మందమైన కోడిగుడ్డు ఆకారపు దళాలే. పాకడం మొదలెట్టాక సొరాకు మఖమలులా మెత్తగా ఉంటుంది, గుమ్మడాకు గరగరలాడుతుంది, ఈనెల మధ్య తెల్లమచ్చలు కూడా కనిపించవచ్చు. పూత వచ్చాక అనుమానం ఉండదు. తెల్లగా సాయంత్రం విచ్చేది సొర. పసుపుగా సాయంత్రం విచ్చేది బీర. పసుపుగా పొద్దున్నే విచ్చే పెద్ద పువ్వు గుమ్మడి.

ఫోన్‌తో ఫొటో తీసి పేరు చెప్పే గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్ వంటివి పువ్వూ కాయా ఉన్న మొక్కల్ని బాగానే పడతాయి. రెండాకుల మొలక దగ్గర వాటి మాట ఊహే. అంతకన్నా మేలైన పద్ధతి ఒకటుంది. ఇంట్లో తిన్న పండు గింజల్ని ఒక కుండీలో పేరు రాసి వేసి ఉంచితే, నేల మీద మొలిచిన అనామకాన్ని దాని పక్కన పెట్టి చూడవచ్చు. మన పెద్దవాళ్ళకు ఈ కుండీ అవసరం ఉండేది కాదు. వినాయకచవితి పత్రి కోసం ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, విష్ణుక్రాంత, గరిక ఎక్కడెక్కడ మొలుస్తాయో పిల్లలుగా తిరిగి తెలుసుకున్నవాళ్ళు వాళ్ళు. ఇరవయ్యొక్క పత్రుల్లో చాలావాటిని ఎవరూ సాగుచెయ్యరు. ఇవాళ అవి బజారులో కట్ట కట్టి అమ్ముతుంటే ఏ ఆకు ఏదో తెలియకుండానే పూజ అయిపోతుంది.

గింజ మొక్క, అంటు మొక్క

పండు తిని పడేసిన టెంక మొలిచినప్పుడు కలిగే ఆశ సహజం. బంగినపల్లి టెంక కాబట్టి బంగినపల్లి కాస్తుందనుకుంటారు. కాయదు. మన దేశపు మామిడి రకాల్లో ఎక్కువ వాటి టెంకలో ఉండేది ఒకే పిండం, అది తల్లిచెట్టుకూ ఏ చెట్టు పుప్పొడి వచ్చి పడిందో దానికీ పుట్టిన సంకరం. పీచుకాయ రావచ్చు, పులుపు రావచ్చు, అరుదుగా తల్లిని మించిన పండూ రావచ్చు. మన తోటల్లోని పేరున్న రకాల్లో చాలావరకు ఎప్పుడో ఎక్కడో ఇలా మొలిచిన గింజ మొక్కల్లోంచి ఎవరో ఏరి అంటు కట్టుకున్నవే. అయినా ఒక మామూలు ఇంటి పెరట్లో ఆ జూదానికి ఆరేడేళ్ళో అంతకు మించో పడుతుంది, అంటు మొక్క మూడు నాలుగేళ్ళకే కాస్తుంది. మధ్యేమార్గం ఉంది. మొలిచినదాన్ని వేరుమొక్కగా పెంచి దాని మీద నచ్చిన రకం అంటు కట్టించుకోవడం. నర్సరీలు చేసేదీ అదే.

నిమ్మ సంగతి వేరు. దాని గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ తల్లి కణజాలం నుంచే పుడతాయి కాబట్టి మొక్కలు తల్లిని పోలి వస్తాయి. మన నిమ్మతోటలు చాలాకాలం గింజ మొక్కలతోనే సాగాయి. నేరేడు గింజలో కూడా ఇలా అనేక మొలకలుంటాయి. పెరట్లో మొలిచిన నిమ్మను ముళ్ళు చూసి పీకెయ్యకూడదు. గింజ నిమ్మకు లేతవయసులో ముళ్ళెక్కువ.

బొప్పాయిలో పోతు, పెంటి చెట్లు వేరువేరుగా ఉండే రకాలున్నాయి, రెండు లక్షణాలూ ఒకే పువ్వులో ఉండే రకాలున్నాయి. మొలకలో ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. పొడవైన కాడలకు గుత్తులుగా సన్నపూలు వేలాడితే పోతు. కాండాన్ని అంటిపెట్టుకుని అడుగు ఉబ్బిన పువ్వు వస్తే కాయ నిలిచేది. కాబట్టి మూడు నాలుగు మొలకల్ని దగ్గర దగ్గరగా ఉంచి, పూశాక ఒకటి మిగుల్చుకోవడమే వివేకం. ఇప్పుడు బజారుకొచ్చే ఎర్రకండ తైవాన్ రకం సంకరజాతి కావడంతో దాని గింజల సంతానం తల్లిలా ఉండదు, అయినా తినదగ్గ కాయే వస్తుంది. బొప్పాయి విషయంలో నష్టపోయేది కాస్త చోటు, ఏడాది కాలం మాత్రమే.

తాటిమొలకకు ఓపిక మరీ ఎక్కువ కావాలి. టెంక నుంచి మొలక ముందు నేలలోకి దిగుతుంది. ఆ దశలో తవ్వితే తేగ. వదిలేస్తే కాపుకొచ్చేసరికి పన్నెండేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు, అదీ పోతుతాడో పెంటితాడో అప్పటిగ్గాని తెలియదు. పొలం గట్టున అది ఆస్తి, ఇంటిగోడ పక్కన తలనొప్పి.

టమాటా, వంగ, మిరప మొలకల్ని ఉంచుకోవడానికి భయమేమీ లేదు. కొన్న టమాటాలు ఎక్కువగా సంకరరకాలవి కాబట్టి కాయ ఆకారం, కాపు మారతాయి. ఆకుముడత పట్టిన మొక్కను మాత్రం వెంటనే తియ్యాలి, లేకపోతే తెల్లదోమ ఆ వైరస్‌ను నాటిన మొక్కలకు చేరుస్తుంది.

సొర, దోస, బీర పాదులకు ఒక హెచ్చరిక ఉంది. ఇవి చేదు కాసే అడవి రకాలతో సంకరమైతే కాయలో కుకుర్బిటాసిన్ అనే విషం పెరుగుతుంది, వండినా పోదు. చేదు సొరరసం తాగి ప్రాణాపాయం వచ్చిన కేసులు పెరగడంతో భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల సంఘాన్ని వేసి, చేదుగా ఉన్న రసం తాగవద్దని సలహా ఇచ్చింది. తనంతట మొలిచిన పాదు మొదటి కాయను కోయగానే చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదనిపిస్తే ఉమ్మేసి, కాయతో పాటు పాదును కూడా తీసెయ్యాలి. మొలకను రుచి చూడవద్దన్న నియమానికి పేరు తెలిసిన ఈ కాయ ఒక్కటే మినహాయింపు.

గోడ మీది రావి

మేడమీద, పిట్టగోడ పగుల్లో, నీళ్ళ ట్యాంకు కింద మొలిచేవాటిలో రావి, మర్రి, మేడి, జువ్వి ముఖ్యమైనవి. ఈ జాతి గింజలు ఆవగింజ కన్నా చిన్నవి, ఒక్కో పండులో వందలుంటాయి. అడవిలో కూడా ఇవి చాలాసార్లు నేల మీద కాక మరో చెట్టు తొర్రలోనో మట్టల సందులోనో మొలిచి, వేళ్ళను కిందికి దించుకుంటాయి. పల్లెల్లో తాటిచెట్టును కౌగిలించుకున్న మర్రి కనిపించేది ఇందుకే. తాటిమట్టల మొదళ్ళలో చేరిన దుమ్ము, తడి ఆ గింజకు చాలు. వాటికి సున్నపు గోడ కూడా అలాంటి తొర్రే. పాత గోడల సున్నం తడిని నిలుపుకుంటుంది, వేరు ఆ తడిని వెతుక్కుంటూ పోతుంది, లావెక్కుతూ గోడను చీలుస్తుంది. పాత కోటలకు, గుళ్ళకు జరిగిన నష్టంలో యుద్ధాలతో పాటు పిట్టలకూ వాటా ఉంది.

రావి మొలకకు ఆకు కొస తోకలా సాగి ఉంటుంది, లేతాకు ఎర్రగా ఉంటుంది. మర్రి ఆకు దళసరి, కొస మొండి. గోడ మీద ఉన్నప్పుడు ఈ తేడా తెలుసుకోవాలని ఆగనక్కర్లేదు. చాలామంది చేసే పొరపాటు పైన తుంచడం. తుంచిన ప్రతిసారీ వేరు బలిసి మళ్ళీ చిగురిస్తుంది, మూడో ఏడాదికి ఇటుకలు తీస్తే గాని రాదు. వాన వెలిసిన మర్నాడు, గోడ తడిగా ఉండగా, వేరుతో సహా లాగి పగులును సిమెంటుతో పూడ్చడమొక్కటే మార్గం.

రావిచెట్టును కొట్టకూడదన్న నమ్మకం తెలుగిళ్ళలో బలంగా ఉంది. దాంతో కొందరు చేతులు కట్టుకుని గోడ కూలేదాకా చూస్తారు. మొలక చిన్నదిగా ఉండగా వేరు తెగకుండా తీసి, చెరువుగట్టునో గుడి ఆవరణలోనో నాటితే నమ్మకమూ నిలుస్తుంది, గోడా నిలుస్తుంది. చోటు సరైనదైతే ఇదే జాతి మొక్క ఎంతదవుతుందో చూడాలంటే కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు వెళ్ళాలి. సుమారు అయిదెకరాల్లో విస్తరించిన ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కూడా అలాంటిదే. వేరే పండ్లు దొరకని నెలల్లో పక్షుల్ని బతికించేవి ఈ చెట్లే కనుక, నేల ఉన్న ఊరిలో రావిమొలకను పారెయ్యడం నాకు సబబనిపించదు. నేల లేని అపార్టుమెంటులో ఉంచడం అంతకన్నా సబబు కాదు.

గడువివ్వకూడనివి

వయ్యారిభామను, అంటే కాంగ్రెసు గడ్డిని, 1950ల మధ్యలో పుణేలో గమనించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పుప్పొడితో ఉబ్బసం, తాకితే చర్మంపై దద్దుర్లు. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో విడిచారు, అది వానాకాలంలో ఆకుల్ని జల్లెడ చేస్తుంది గాని మొక్కను అంతం చెయ్యలేకపోయింది. ఈ కలుపు అనంతపురం జిల్లాకు చేసిన నష్టం మాత్రం ఎవరూ ఊహించనిది. 2000 ఖరీఫులో అక్కడ వేరుశనగ మొవ్వలు మాడి, కాండాలు కుళ్ళి దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పైరు దెబ్బతింది. పొగాకు చార వైరస్ దానికి కారణమని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. గట్ల మీది వయ్యారిభామ ఏ లక్షణమూ చూపకుండా ఆ వైరస్‌ను మోస్తుంది. దాని పుప్పొడి తామర పురుగుల ద్వారా వేరుశనగ ఆకులకు చేరింది. పెరటి మొక్క పెరటివాడి సొంత విషయమని అనుకోవడానికి వీల్లేదన్నదానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పూశాక పీకితే గింజ చల్లినట్టే.

సర్కారు తుమ్మ కథ కడపతో ముడిపడి ఉంది. 1877లో జమైకా గింజలు తెప్పించి కడప ప్రాంతంలో నాటారు, వంటచెరకు కోసం. మేకలు, పశువులు తీపికాయ తిని గింజల్ని ఊరూరా పంచాయి. వంటచెరకు కొరత తీరిన మాట నిజం. చెరువులు, బీళ్ళు దాని పాలయిన మాటా నిజమే. మొలకగా ఉన్నప్పుడు రెండు వేళ్ళతో వచ్చేది ఏడాది తర్వాత గడ్డపారకు లొంగదు. సుబాబులు, పులికంప కూడా ఇదే వరసలోవి. ఒక్కటి ఉంచితే వీధంతా ఉంచినట్టు.

విషమున్నవన్నీ పీకెయ్యవలసినవి కావు. ఇంట్లో పాకే పిల్లలుంటే పచ్చగన్నేరు, ఆముదం, గురివింద, ఉమ్మెత్తలకు చోటివ్వకూడదు. పిల్లలు లేని చోట ఆముదం మొక్కను ఉంచుకోవచ్చు.

తినేవి, పూసేవి

కలుపు అని పారేసేవాటిలో కూర ఎంతుందో పల్లె ఆడవాళ్ళకు తెలుసు. చిలకతోటకూర, పావిలికూర, గలిజేరు, పొన్నగంటి, వామింట, చెంచలి వానాకాలపు పెరటిని ఉచిత కూరల దుకాణం చేస్తాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సాగు చెయ్యని ఆకుకూరల పేర్లను, వాడుకను పోగుచేసి, కలుపుమందు కొట్టిన చేలో ఇవి మాయమవుతున్నాయని చాలాకాలంగా చెబుతున్నాయి. బతుకమ్మకు తంగేడుతో పాటు తప్పనిసరైన గునుగు కూడా చేలల్లో తనంతట మొలిచే కలుపే. చేలో రైతుకు శత్రువు, ఆశ్వయుజంలో ఆడపడుచులకు చుట్టం. పెరటి అంచున నాలుగు గునుగు మొక్కలు గింజ రాలేదాకా ఉంచితే మరుసటేడు పూలకోసం ఊరు దాటనక్కర్లేదు.

తోటకూర గుర్తించడంలో ఒక్క జాగ్రత్త: కణుపుల దగ్గర ముళ్ళుంటే ముళ్ళతోటకూర. లేతప్పుడు అదీ తినేదే. రోడ్డు పక్క, మురుగు పక్క మొలిచిన ఏ కూరనూ కొయ్యకపోవడం మేలు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు పావిలికూర అక్కడి పెరళ్ళలోనూ తనంతట మొలిచి కనబడుతుంది, సంతోషంగా పప్పులో వేసుకుంటారు. అయితే తూర్పు రాష్ట్రాల్లో పిట్టలు వేసే పోక్‌వీడ్ అనే మొక్క ఉంది. ఎర్రటి కాడ, వెడల్పాటి ఆకు, నల్లూదా పళ్ళతో ఎర్ర బచ్చలిని తలపిస్తుంది. అది విషం. బచ్చలి తీగ, అది నిటారుగా పెరిగే పొద. ఆకు కోసే ముందు ఈ ఒక్క తేడా చూస్తే చాలు.

తులసి, బంతి, చంద్రకాంత, బిళ్ళగన్నేరు, కాశీతుంబ ఒకసారి వేస్తే ఏటా వస్తాయి. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చిన మొక్క. దాని నుంచే రక్తకేన్సరు మందు విన్‌క్రిస్టిన్ తీస్తారు. పశువులు ముట్టవు, ఎండకు చావదు, సిమెంటు బీటలోనూ పూస్తుంది. దీన్ని పీకాలో వద్దో అన్న చర్చ అనవసరం. అడ్డొచ్చినచోట తియ్యడం, మిగతాచోట వదిలెయ్యడం.

పొలంలో

పెరట్లో దయ చూపగలిగిన చోట పొలంలో చూపలేం. నిరుటి పంట గింజ రాలి ఈ ఏడు పైరులో మొలిస్తే రకం చెడుతుంది. విత్తనోత్పత్తి చేసే రైతులు పూత దశలో చేనంతా తిరిగి కేళీలను, అంటే వేరే రకపు మొక్కలను, ఏరెయ్యాల్సిందే, లేకపోతే విత్తన తనిఖీలో చేను నెగ్గదు. వరిలో దీనికి పాత ఉపాయం ఉంది: దమ్ముకు ముందు మడికి తడి ఇచ్చి, రాలిన వడ్లను, కలుపును మొలవనిచ్చి, అప్పుడు దున్నడం. పత్తి చేలో మోళ్ళు చిగిర్చినా, గింజ మొలిచినా గులాబీరంగు పురుగుకు వేసవి మజిలీ దొరికినట్టే. వేరుశనగ తవ్వాక పరిగెకు కూడా అందకుండా మన్నులో ఉండిపోయిన కాయలు ఒక వానకు మొలుస్తాయి. గుత్తి రకాలకు గింజ నిద్ర ఉండదు కనుక ఆలస్యం కూడా చెయ్యవు.

జొన్న దగ్గర ప్రాణాపాయం ఉంది. కోతయ్యాక రాలిన గింజ మొలిచిన లేత జొన్నలో, బెట్టకు గిడసబారిన పిలకలో సయనైడును పుట్టించే పదార్థం ఉంటుంది. దాన్ని మేసిన పశువు నిమిషాల్లో కూలవచ్చు. రైతులు నాము తగిలిందంటారు. ఆ చేలోకి పశువుల్ని తోలకుండా కాపలా కాయడం తప్ప మరో దారి లేదు.

ఉంచదలచుకున్నప్పుడు

మొలిచిన చోటే వదిలిన మొక్క నాటిన మొక్క కన్నా గట్టిగా ఉంటుంది, తల్లివేరు తెగదు, ఎండకు తట్టుకుంటుంది. వేప, చింత, నేరేడు వంటి పెద్దచెట్లకు ఇది ముఖ్యం. కదపక తప్పకపోతే నాలుగాకుల దశ దాటకముందే, మబ్బుపట్టిన సాయంత్రం, చుట్టూ జానెడు మన్నుగడ్డతో తియ్యాలి. వేపకు వేరు తొందరగా లోతుకు పోతుంది. మోకాలెత్తు పెరిగాక తీస్తే బతకడం అరుదు. గుంపుగా మొలిచినప్పుడు మిగతావాటిని పీకకుండా కత్తిరించడం మంచిది, పీకితే ఉంచుకున్నదాని వేళ్ళు కదులుతాయి. కరివేప చుట్టూ వచ్చే పిల్లల్లో గింజ నుంచి మొలిచినవీ ఉంటాయి, తల్లివేరు మీద లేచిన పిలకలూ ఉంటాయి. పక్క మన్ను కాస్త తీస్తే అడ్డువేరు కనిపించేది పిలక. దాన్ని వేరుముక్కతో కోసి తీసుకోవాలి. శ్రీగంధం దక్కిందనుకుంటే దాని పక్కనున్న కంది, కలుపు మొక్కల్ని శుభ్రం చెయ్యకూడదు, అది పక్కవాటి వేళ్ళ నుంచి లాక్కుని బతికే మొక్క.

ఇంటి పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు, విద్యుత్ తీగకు ఎంత దూరంలో ఉందో మొలక దశలోనే కొలుచుకోవాలి. చెట్టయ్యాక కొట్టాలంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, అడ్డొస్తుంది. సొంత స్థలంలో తనంతట మొలిచిన చెట్టుకైనా ఆ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మాత్రమే మినహాయింపు ఉంది.